పల్లెటూరి పబ్బులో పూటకూడు

పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లులు ఆదివారం ఫోన్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇవాళ ఏం వండుకున్నారర్రా?" అమెరికా పిల్లలు "పిజ్జా తెప్పించుకున్నాం" అంటే మనం ఎలాగో సర్దుకుపోతాం. ఇంగ్లండు పిల్లలు మటుకు "వండలేదమ్మా, పక్క ఊరి పబ్బుకెళ్ళి భోంచేసొచ్చాం" అంటారు. ఇక్కడ తల్లి గుండెల్లో రాయి పడుతుంది. మా వియ్యపురాలు గారైతే ఆ మాట విన్న రోజు సరాసరి మా ఇంటికే వచ్చారు. "వదినగారూ, పబ్బంటే సారాకొట్టేగా? పసివాణ్ణి కూడా చంకనేసుకుని వెళ్ళారటండీ!" అని ఆవిడ బాధ.

ఆ బాధలో అర్థం లేకపోలేదు. మనకు తెలిసిన పబ్బులు రెండే రకాలు. సినిమాల్లో విలన్లు కూచునేది ఒకటి, హైదరాబాదులో చెవులు పగిలే పాటలతో అర్ధరాత్రి దాకా ఊగేది ఇంకొకటి. ఇంగ్లండు పల్లెటూరి పబ్బు ఈ రెండూ కాదు. మా అమ్మాయి డెర్బీషైర్ కొండల వైపు ఆస్పత్రిలో డాక్టరు. ఆ ధర్మమా అని విడతలు విడతలుగా నేనక్కడ ఉండడమూ, చుట్టుపక్కల ఊళ్ళ పబ్బుల్లో డజనుకి తక్కువ కాకుండా భోంచెయ్యడమూ జరిగింది. నేను తాగను. మాంసం ముట్టను. గుడ్డు కలిసిన పిండివంటలకు మటుకు అభ్యంతరం పెట్టుకోను, పరదేశంలో అంత మడి కుదరదు. పబ్బు భోజనం మీద విమర్శ రాయడానికి ఇంతకంటే అనర్హురాలు దొరకదని మీరనచ్చు. నా లెక్కలో అదే అర్హత. పెళ్ళివారి మర్యాద ఎలాంటిదో పెళ్ళికొడుకుని అడిగితే ఏం తెలుస్తుంది? ఆఖరి బంతిలో కూచున్నవాళ్ళని అడగాలి గాని!

పబ్బంటే పబ్లిక్ హౌస్. తెలుగు చేస్తే 'అందరిల్లు'. ఈ వ్యాసమంతా ఆ పేరు ఎంతవరకు నిజమో చూడడానికే.

చూడ్డానికి ఆ ఇల్లు ముచ్చటగానే ఉంటుంది. చర్చి ఎదురుగానో, వాగు మీద వంతెన పక్కనో రాతి గోడల పాత ఇల్లు. లోపల తలకి తగిలేటంత కిందికి దూలాలు, చలికాలంలో భగభగ మండే పొయ్యి. గుమ్మం మీద గాలికి ఊగే బొమ్మపలక. ఈ పలకకి పెద్ద చరిత్రే ఉంది. లండన్లో ఏల్ అనే బార్లీ బీరు అమ్మేవాళ్ళందరూ ఇంటి ముందు గుర్తు వేలాడదీయాలని రెండో రిచర్డు రాజు 1393లో శాసనం చేశాడు. చదువు రాని జనానికి బొమ్మే బోర్డు కదా. అందుకే ఎర్ర సింహం, కిరీటం, తెల్ల గుర్రం లాంటి పేర్లు. 'రాయల్ ఓక్' అనే పేరు ఊరూరా కనిపిస్తుంది. 1651లో ఉస్టర్ యుద్ధంలో ఓడి పారిపోతూ రెండో చార్లెస్ ఒక ఓక్ చెట్టు కొమ్మల్లో దాక్కుని ప్రాణం దక్కించుకున్నాడు, దాని జ్ఞాపకమన్నమాట. మనవాళ్ళు కాఫీ హోటలుకి దేవుడి పేరు పెడితే, వాళ్ళు చెట్టెక్కిన రాజు పేరు పెట్టుకున్నారు.

అసలు సంగతేమిటంటే, పబ్బుకి పుట్టిల్లు ఆడవాళ్ళ వంటిల్లే. పాతకాలం ఇంగ్లండులో ఏల్ రోజువారీ తిండిలో భాగం. దాన్ని ఇంటిపట్టున కాచేది ఎక్కువగా ఆడవాళ్ళే. త్వరగా పాడైపోయే సరుకు గనక ఇంటికి సరిపోగా మిగిలింది ఇరుగుపొరుగులకి అమ్మేవాళ్ళు. సరుకు సిద్ధంగా ఉందని తెలియడానికి గుమ్మం మీద ఒక కర్ర కట్టేవాళ్ళు. 15వ శతాబ్దంలో హాప్స్ పువ్వు వేసి కాచే బీరు వ్యాపించింది. అది నిలవుంటుంది, దూరం పంపచ్చు, లాభం ఎక్కువ. లాభం ఎక్కువ కాగానే పెద్ద కాగులూ, పెట్టుబడులూ, మగవాళ్ళూ వచ్చారు. మామూలే!

ఇది చదివినప్పుడల్లా నాకు మన పూటకూళ్ళమ్మే కళ్ళముందు నిలుస్తుంది. 1892లో మొదటిసారి ఆడిన గురజాడవారి కన్యాశుల్కంలో ఆవిణ్ణి ఎవరు మరిచిపోగలరు? పూటకి ఇంతని పుచ్చుకుని పరాయి ఊరివాళ్ళకి అన్నం పెట్టి బతికిన విధవరాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. తిన్నవాళ్ళే వాళ్ళ వెనకాల మాటలనేవాళ్ళు. అక్కడా అంతే. ఏల్ అమ్మే ఆడది కొలత తప్పిస్తుందనీ, గయ్యాళి అనీ కథలు కట్టారు, చర్చి గోడల మీద నరకానికి పోతున్నట్టు బొమ్మలు కూడా వేశారు. మన సాహిత్యంలో పూటకూటి ఇంటిని మెచ్చుకున్నవాడు కూడా లేకపోలేదు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లులో ఒక రూకకి దొరికే భోజనాన్ని, గోధుమపిండి వంటల దగ్గర్నుంచి పెరుగు దాకా, లొట్టలేస్తూ వర్ణించాడు. నన్నడిగితే హోటలు భోజనం మీద మన తెలుగువాళ్ళ తొలి విమర్శల్లో అదొకటి. ధర చెప్పాడు, దొరికే చోటు చెప్పాడు, విస్తట్లో ఏముందో చెప్పాడు. విమర్శకి ఇంకేం కావాలి?

ఆ పద్ధతిలోనే నేనూ విస్తరి దగ్గరికొస్తాను.

పల్లెటూరి పబ్బులో అసలు పండగ ఆదివారం మధ్యాహ్నమే. ఆవుమాంసమో, గొర్రెమాంసమో, కోడో ఓవెన్లో కాల్చి, పలచగా కోసి, దాంతో కాల్చిన బంగాళాదుంపలు, కారట్, క్యాబేజీ, బఠాణీలు పెట్టి, పైన గ్రేవీ పోసి ఇస్తారు. దీన్ని సండే రోస్ట్ అంటారు. నేను వెళ్ళినచోట్ల పళ్ళెం 18 పౌన్ల నుంచి 25 పౌన్ల దాకా ఉంది. నంజుకోడానికి మాంసాన్ని బట్టి ఒక పచ్చడి. గొర్రెమాంసానికి పుదీనా, వెనిగరు కలిపినది. ఆవుమాంసానికి హార్స్ రాడిష్ అనే వేరు నూరినది. ఈ రెండోదాని ఘాటు మన ఆవపిండిలాగా సూటిగా ముక్కులోకెక్కుతుంది. ఇంగ్లీషువాళ్ళ తిండి చప్పిడి అనేవాళ్ళకి ఇదొక చెంచాడు పెట్టి చూడాలి.

పళ్ళెంలో ముఖ్యమైన వింత యార్క్‌షైర్ పుడ్డింగు. పుడ్డింగంటే తీపి అనుకునేరు, కాదు. మైదా, గుడ్డు, పాలు కలిపిన జారుపిండిని బాగా కాగిన కొవ్వులో పోసి ఓవెన్లో పెడితే, పూరీ పొంగినట్టు పొంగి దొన్నెలా తయారవుతుంది. ఆ దొన్నెలో గ్రేవీ పోసుకుంటారు. దీన్ని ఆ పేరుతో 1747లో పుస్తకంలోకెక్కించింది హానా గ్లాస్ అనే ఆవిడ. ఇంకో తమాషా ఏమిటంటే అదే పుస్తకంలో ఇండియా పద్ధతి కూర ఎలా చెయ్యాలో కూడా ఉంది! కాబట్టి మన కూరా, వాళ్ళ పుడ్డింగూ ఒకే ఇల్లాలి పుస్తకంలో ఇరుగుపొరుగులు.

మరి నాలాంటివాళ్ళ మాటేమిటి? శాకాహార సంఘం పుట్టింది ఇంగ్లండులోనే, 1847లో, రామ్స్‌గేట్ అనే ఊళ్ళో. అయినా పల్లెటూరి పబ్బు వంటగదికి ఆ వార్త నెమ్మదిగా నడిచి వచ్చినట్టుంది. నల్లబోర్డు మీద పన్నెండు ఐటాలుంటే, 'వి' అక్షరం పక్కన ఉన్నది ఒక్కటో, రెండో. ఒకచోట పప్పులూ గింజలూ కలిపి కాల్చిన నట్ రోస్ట్. రుచికేం లోటు లేదు గాని కోస్తుంటే ఇటికముక్క గుర్తొచ్చింది. ఇంకోచోట పుట్టగొడుగుల అన్నం, ముద్దగా, బాగా వెన్నేసి, జ్వరం నుంచి లేచినవాళ్ళకి పెట్టేట్టు. ఒక్కొక్కసారి 'వి' లేని చోట్ల కూడా చిక్కులుంటాయి. బంగాళాదుంప కదా అని ధైర్యంగా తినబోతే అది ఆవు కొవ్వులో వేగినది కావచ్చు. యార్క్‌షైర్ పుడ్డింగూ అంతే. కాబట్టి అడిగి తీరాలి. అయితే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, అడిగితే విసుక్కున్నవాళ్ళు నాకు ఒక్కరు కనపడలేదు. వేరుశనగ, గుడ్డు, పాలలాంటి 14 పదార్థాల్లో ఏది ఏ వంటలో ఉందో అడిగినవాళ్ళకి చెప్పాలని 2014 డిసెంబరు నుంచి చట్టమే ఉంది. ఆ పిల్ల పెద్ద పుస్తకం పట్టుకొచ్చి, నా పక్కన వంగి, వేలుపెట్టి వరసగా చదివి చెప్పింది. చట్టం పుస్తకాన్నే ఇచ్చింది. పక్కన వంగి చదవడం మటుకు ఆ పిల్ల సొంతం.

కూరగాయల దగ్గర మటుకు నేను రాజీపడలేను. క్యాబేజీని అంతసేపు ఉడకబెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. తాలింపు వేయకపోతే పోయె, దానిలో ప్రాణమైనా ఉంచచ్చు కదా! కాల్చిన బంగాళాదుంపకి మటుకు నూటికి నూరు మార్కులు. పైన కరకర, లోపల వెన్న. మనం ఎన్ని వేపుళ్ళు చేసినా ఆ కరకర మనకి రాదు.

ఇక తీపి. ఆపిల్ ముక్కల మీద వెన్న కలిపిన పొడిపిండి చల్లి కాల్చిన క్రంబుల్, పైన వేడి కస్టర్డ్. మనిళ్ళల్లో వాడే కస్టర్డ్ పౌడరు కథ తెలుసా? 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందులషాపాయన భార్యకి గుడ్డు పడదని, గుడ్డు లేకుండా కస్టర్డ్ కాచే పొడి కనిపెట్టాడు. ఒక మొగుడు పెళ్ళాం నోటికి పడేది ఏమిటా అని ఆలోచించినందుకు ప్రపంచానికంతటికీ ఒక తీపి దొరికింది. పాఠకురాళ్ళు ఈ పేరా భర్తలకి చదివి వినిపించుకోవచ్చు.

భోజనం పబ్బులోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. చాలాకాలం పబ్బులో తిండంటే రొట్టె, జున్ను, ఊరవేసిన ఉల్లిపాయ, అంతే. 'రైతు భోజనం' అనే అర్థంలో దీనికి ప్లౌమన్స్ లంచ్ అని ముద్దుపేరు. వినడానికి ఏ తాతల కాలం నాటిదో అనిపిస్తుంది. రొట్టె, జున్ను పాతవే గాని, ఆ పేరుని 1960లలో ఊరూరా ప్రచారం చేసింది పాల మార్కెటింగు బోర్డువాళ్ళు, జున్ను అమ్ముకోడానికి. తర్వాత 1967లో తాగి కారు నడిపేవాళ్ళ ఊపిరి పరీక్ష చేసే చట్టం వచ్చింది. తెచ్చిన రవాణా మంత్రి ఒక ఆవిడ, బార్బరా కాసిల్. ఆవిడకి కారు నడపడం రాదని మగవాళ్ళు తెగ ఎద్దేవా చేశారు. ఊరవతల పబ్బుకి కార్లో వెళ్ళి నాలుగు గ్లాసులు బిగించి తిరిగి రావడం ఇక కుదరదు. గ్లాసు మీద వచ్చే డబ్బు తగ్గినప్పుడు పళ్ళెం మీద సంపాదించుకోవాలి కదా. తినడానికి రావాలంటే కుటుంబాలు రావాలి, అంటే ఆడవాళ్ళు, పిల్లలు రావాలి. 2007 జులై 1 నుంచి ఇంగ్లండు పబ్బుల్లో సిగరెట్టు కూడా బందయింది. అప్పటినుంచి పసిపిల్లలతో వెళ్ళడం ఇంకా తేలికయింది.

ఇందులో ఇంకో మార్పు ఉంది. ఇదే ఆదివారం రోస్ట్ ఇదివరకు ఇంట్లోనే వండేవాళ్ళు. ఆ పూటంతా ఇల్లాలు ఓవెన్ ముందు. ఇవాళ అదే వంట, అదే గ్రేవీ, మనిషి చోటు మాత్రం మారింది. పబ్బులో నేను గమనించిన అన్నిటికంటే చక్కని దృశ్యం ఇదే. అరవై దాటిన ఇల్లాళ్ళు కోటు విప్పి, కుర్చీలో వెనక్కి వాలి, ఎవరో తెచ్చి ముందుపెట్టిన పళ్ళెంకేసి చూసే చూపు. ఆ చూపు చూస్తే ఏ దేశపు ఇల్లాలికైనా అర్థమవుతుంది.

ఇప్పుడు మర్యాదల సంగతి. పల్లెటూరి పబ్బులో కూచోగానే ఎవరూ మీ దగ్గరకు పరిగెత్తుకుని రారు. మీరే కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఏం కావాలో చెప్పి, చాలాచోట్ల డబ్బు ముందే కట్టి రావాలి. క్యూ ఉండదు, కాని ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. ముందొచ్చిన ముసలాయన్ని దాటి మీ ఆర్డరు అడిగితే, "ముందు ఆయనండీ" అని మీరే అనాలి. ఇది మొదట్లో వింతగా ఉంటుంది గాని ఆ కౌంటరు దగ్గర రెండు నిమిషాలు నిలబడడంలోనే స్నేహమంతా ఉంది. వాతావరణం గురించి ఒక మాట, కుక్క గురించి ఒక మాట. అవునండీ, కుక్కలు కూడా వస్తాయి. బల్ల కింద పడుకుంటాయి, వాటికి నీళ్ళగిన్నె సిద్ధం, కౌంటరు మీద వాటి బిస్కట్ల డబ్బా సిద్ధం. నాకు ఒక్క ఐటం, కుక్కకి రెండు రకాల బిస్కట్లు అని కాసేపు ఉడుక్కున్నాను కూడా.

డెర్బీషైర్ వైపు అందరినీ "మి డక్" అని పిలుస్తారు. అక్షరాలా చూస్తే 'నా బాతూ' అని! మనం 'అమ్మడూ', 'బాబూ' అన్నట్టే. కౌంటరు వెనక ముప్పై ఏళ్ళ పిల్ల నన్ను "ఏం కావాలి మి డక్?" అంటే, మన దేశంలో ఈ వయసులో నన్ను బాతుపిల్లని చేసేవాళ్ళెవరున్నారనిపించింది. నేను నిమ్మరసం సోడా అడిగాను. ఆ పిల్ల ముఖంలో ఏ మార్పూ లేదు. "ఇంతేనా?" అనలేదు. పక్కాయన బీరుకి ఎంత శ్రద్ధగా గ్లాసు తుడిచిందో నా సోడాకీ అంత శ్రద్ధగానే తుడిచింది. పబ్బుకి నేనిచ్చే మార్కుల్లో సగం ఆ గ్లాసు తుడవడానికే.

ఇంత స్నేహం ఎప్పుడూ ఉండేదా అంటే, లేదు. పాత పబ్బుల్లో ఇప్పటికీ ఒక మూల చిన్న గది కనిపిస్తుంది. అద్దాలు బయటికి లోపలివాళ్ళు కనపడకుండా మసకగా ఉంటాయి. బారువైపు ఒక చిన్న కిటికీ, గ్లాసు అందుకోవడానికి. దాన్ని స్నగ్ అంటారు. ఊరి కళ్ళ పడకుండా ఆడవాళ్ళు కూచునే చోటు అది. చూడగానే మనకేం గుర్తొస్తుంది చెప్పండి? హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో పరదాలు కట్టిన 'ఫ్యామిలీ రూమ్'! ఏడు సముద్రాల అవతలా ఇవతలా మగవాళ్ళకి తట్టిన ఉపాయం ఒకటే. ఆడది బయట తినచ్చు, కాని తింటున్నట్టు కనపడకూడదు.

లండన్లో ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వినో అనే పేరుమోసిన వైన్ బారు ఉండేది. పత్రికలవాళ్ళూ, వకీళ్ళూ చేరే చోటు. ఆడవాళ్ళు బారు దగ్గర నిలబడితే ఇవ్వరు, వెనక గదిలో కూచుంటే తెచ్చిస్తారు. టెస్ గిల్ అనే న్యాయవాది, అనా కూట్ అనే జర్నలిస్టు కోర్టుకెక్కారు. 1975లో స్త్రీ పురుష వివక్ష నిషేధ చట్టం వచ్చినా, ఆ కౌంటరు దాకా రావడానికి దానికి 1982 నవంబరు వరకూ పట్టింది. మన పైకోర్టులాంటి అప్పీలు కోర్టులో వాళ్ళు నెగ్గారు. ఒక గ్లాసు నిలబడి తాగడానికి కోర్టా అని నవ్వేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వార్తలన్నీ పుట్టేది ఆ కౌంటరు దగ్గరైతే, వెనక గదిలో కూచున్న జర్నలిస్టుకి ఏం మిగులుతుంది?

మన రంగువాళ్ళ కథ ఇంకా చేదు. 1950, 60లలో కొన్ని ఊళ్ళ పబ్బుల్లో భారతీయులకీ, వెస్టిండీస్‌వాళ్ళకీ గ్లాసు ఇచ్చేవాళ్ళు కాదు, లేకపోతే వేరే గదికి పొమ్మనేవాళ్ళు. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో ఈ రంగు కట్టుబాటు ఎంత పేరుపడిందంటే, 1965 ఫిబ్రవరిలో అమెరికా నుంచి మాల్కం ఎక్స్ వచ్చి స్వయంగా చూసి వెళ్ళాడు. అదే సంవత్సరం బహిరంగ స్థలాల్లో జాతివివక్షని నిషేధిస్తూ మొదటి చట్టం వచ్చింది. ఇవాళ ఆ ప్రాంతంలో పంజాబీ కుటుంబాలు నడిపే పబ్బులు బోలెడు. 'దేశీ పబ్బు' అంటారు. కాల్చిన కబాబులకి తెల్లవాళ్ళే బారులు తీరతారు. కాబట్టి ఇవాళ నాకు దొరికే చిరునవ్వు వెనకాల ఎవరెవరో చేసిన పోట్లాటలున్నాయి. అది గుర్తుపెట్టుకునే నేను సోడా తాగుతాను.

పబ్బుల మీద విమర్శ రాసినవాళ్ళలో అందరికంటే పెద్దవాడు జార్జ్ ఆర్వెల్. మన బీహారులోని మోతీహారీలో 1903లో పుట్టినవాడే. 1946 ఫిబ్రవరిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో 'ది మూన్ అండర్ వాటర్' అని ఒక చిన్న వ్యాసం రాశాడు. తనకిష్టమైన పబ్బు ఎలా ఉంటుందో, పొయ్యి దగ్గర్నుంచి గ్లాసు పిడి దాకా వర్ణిస్తాడు. చివర్లో, అలాంటి పబ్బు లేనే లేదని చెప్పేస్తాడు! నాకు ఆ వ్యాసంలో నచ్చిన ముక్క పెరటితోట సంగతి. తోటలో పిల్లలకి ఉయ్యాలలుంటే కుటుంబమంతా వస్తుంది, తల్లి పసిపాపతో ఇంట్లో ఉండిపోయి తండ్రి ఒక్కడే వెళ్ళే పరిస్థితి ఉండదంటాడు. పిల్లల్నీ, దాంతోపాటు కొంతవరకు ఆడవాళ్ళనీ దూరం పెట్టడం వల్లనే పబ్బు వట్టి తాగుడు కొట్టయిందని ఆయన ఫిర్యాదు. మా వియ్యపురాలు గారికి ఈ వ్యాసం తెలుగులో చెప్పాను. "అయితే పసివాణ్ణి తీసుకెళ్ళడమే మంచిదంటారా?" అన్నారావిడ, సగం నమ్మి.

మెచ్చుకోళ్ళు చాలు, తప్పులు కూడా చెప్పాలి. మొదటి తప్పు వేళలు. మధ్యాహ్నం రెండున్నరకి వంటగది మూసేస్తే మళ్ళీ ఆరింటికే. రెండూ నలభైకి వానలో తడిసి వెళ్ళినవాళ్ళకి చిరునవ్వు దొరుకుతుంది, చిప్స్ పొట్లం దొరుకుతుంది, అన్నం దొరకదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్టిన మధ్యాహ్నపు మూసివేత చట్టం 1988లో పోయినా, చాలా వంటగదులకి ఆ అలవాటు వదల్లేదు. వేళకాని వేళ వచ్చిన అతిథికి ఇంత ఉప్మా అయినా కలియబెట్టే మన ఇళ్ళనుంచి వెళ్ళినవాళ్ళకి ఇది మింగుడు పడదు.

రెండోది, కంపెనీ పబ్బులు. పేరు పాతదే, దూలాలు పాతవే, మెనూ మటుకు యాభై ఐటాల ప్లాస్టిక్ పుస్తకం. ఏ ఊళ్ళో చూసినా అదే పుస్తకం. చిన్న వంటగదిలో ఇద్దరు మనుషులు యాభై రకాలు వండలేరని ఇల్లు నడిపే ప్రతి ఆడదానికీ తెలుసు. సంచీలో వచ్చింది వేడి చేసి పెడతారన్నమాట. నల్లబోర్డు మీద సుద్దతో ఆరు ఐటాలు రాసి, అందులో ఒకటి కొట్టేసి ఉంటే ధైర్యంగా కూచోండి. అయిపోయిందంటే వండారన్నమాటే!

మూడోది దీనికి తల్లకిందులు. 1991లో లండన్ ఫారింగ్‌డన్‌లో ఈగిల్ అనే పబ్బులో మంచి వంట మొదలైంది. 'గాస్ట్రోపబ్' అనే మాట ప్రచారంలోకి వచ్చింది అక్కణ్ణుంచే. మార్లోలో హ్యాండ్ అండ్ ఫ్లవర్స్ అనే పబ్బు 2012 మిషలిన్ గైడులో రెండు నక్షత్రాలు కొట్టేసింది. ఏ పబ్బుకీ అంతకు ముందు ఆ గౌరవం రాలేదు. సంతోషమే. కాని ఆ దారి పట్టిన ప్రతి పల్లెటూరి పబ్బులోనూ బల్లల మీద 'రిజర్వుడు' చీటీలు లేస్తాయి. పక్క పట్నం కార్లు వస్తాయి. రోజూ సాయంత్రం ఒక్క గ్లాసుతో రెండు గంటలు కూచునే ఊరి ముసలాయనకి కుర్చీ ఉండదు. భోజనం బాగుపడి అందరిల్లు కొందరిల్లయితే, అది మంచి హోటలే కావచ్చు, మంచి పబ్బు కాదు.

ఇంతకీ పబ్బులే తగ్గిపోతున్నాయి. 1980 ప్రాంతంలో బ్రిటన్‌లో 69 వేల దాకా ఉండేవి, 2020 నాటికి 47 వేల లోపుకి దిగాయి. అద్దెలు, కరెంటు బిల్లులు, సూపర్‌బజార్లో చవక బీరు, అన్నీ కారణాలే. కొన్ని ఊళ్ళు ఊరుకోలేదు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే పల్లెవాళ్ళు 2003లో తలా కొంచెం వేసుకుని తమ 'ఓల్డ్ క్రౌన్' పబ్బుని సహకార సంఘంగా కొనుక్కున్నారు. బ్రిటన్‌లో అలాంటిది అదే మొదటిది. తర్వాత ఎన్నో ఊళ్ళు ఆ దారి పట్టాయి. కొన్నిచోట్ల పబ్బు మూలనే పోస్టాఫీసు, ఇంకో మూల కిరాణా. బస్సూ లేక, కొట్టూ లేక ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి రోజుకో మనిషి ముఖం కనపడేది అక్కడే.

నా తీర్పు ఇది. వంటకి నూటికి అరవై. బంగాళాదుంప లేకపోతే యాభైకే ఆగేది. మర్యాదకి తొంభై. ఆ తొంభై నవ్వులకిచ్చినవి కావు. తాగనిదాన్ని, మాంసం తిననిదాన్ని, ఎక్కువ ఖర్చు పెట్టనిదాన్ని, ఒంటరిగా వచ్చినదాన్ని, ఎందుకొచ్చావని ముఖంతోనైనా అడగనందుకు ఇచ్చినవి. మన ఊళ్ళలో ఇవాళ హోటళ్ళకేం కరువు లేదు. ప్రతి బోర్డు మీదా 'ఫ్యామిలీ రెస్టారెంట్' అనే ఉంటుంది. ఫ్యామిలీతో వెళ్తే మర్యాదే. ఫ్యామిలీ లేకుండా, యాభై ఏళ్ళ ఆడది ఒక్కత్తే సంచీ పక్కన పెట్టుకుని, ఒక కాఫీతో ఒక గంట కూచుంటే? సర్వరు మూడుసార్లు బల్ల తుడుస్తాడు. బిల్లు అడక్కుండానే వస్తుంది. పక్క బల్లవాళ్ళు ఎవరికోసం ఎదురుచూస్తోందా అని చూస్తారు. పూటకూళ్ళమ్మ పరాయివాళ్ళందరికీ వడ్డించింది గాని, ఆవిడ ఇంకో ఊరు వెళ్తే ఒక్కత్తే కూచుని తినే చోటు ఉండేదా? ఇప్పటికైనా ఉందా?

ఈ వేసవిలో పురుళ్ళకో, పిల్లల్ని చూడ్డానికో ఇంగ్లండు వెళ్ళే తల్లులకి ఒక సలహా. ఆదివారం అందరితో కలిసి ఎలాగూ వెళ్తారు. ఒక బుధవారం, అల్లుడూ అమ్మాయీ ఆఫీసులకి వెళ్ళాక, రెండు గంటల లోపల, ఒక్కరే వెళ్ళండి. చేతిలో ఒక నవల ఉంచుకోండి. కౌంటరు దగ్గర ఏ కూరగాయల సూపు ఉందో, అందులో ఏమేం వేశారో అడిగి, ఆ సూపూ, రొట్టే, నిమ్మరసం సోడా చెప్పండి. కిటికీ పక్క బల్ల చూసుకుని కూచోండి. తొందరపడకుండా, నవల్లో ఒక ప్రకరణం అయ్యేదాకా తినండి.